మౌంట్ రెయినియర్ లాంగ్‌మైర్‌లో ఉన్న ఆ పాత పెట్రోల్ బంకు కథేంటి?

సుధ_బెల్వ్యూ:

అందరికీ నమస్తే. సియాటిల్ వైపు ఉన్నవాళ్లు, నేషనల్ పార్కుల చరిత్ర తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. ఊరి నుంచి పెద్దవాళ్లు వచ్చినప్పుడల్లా మేం సియాటిల్ దగ్గరున్న మంచుకొండ మౌంట్ రెయినియర్‌కి తీసుకెళ్తుంటాం, అది నేషనల్ పార్కు. పార్కు నిస్క్వాలీ గేటు దాటడం, ఎక్కడా ఆగకుండా కొండ మీదున్న పారడైజ్‌ అనే చోటికి ఎక్కేయడం, మంచులో ఫోటోలు, తెచ్చుకున్న పులిహోర తినేసి దిగిపోవడం, అంతే. ఈసారి మా మామయ్యగారు కాసేపు కాళ్లు చాపుకుందామంటే దారిలో లాంగ్‌మైర్‌లో ఆగాం. అక్కడ రోడ్డు పక్కన చిన్న రెండంతస్తుల బిల్డింగ్ ఒకటి ఉంది. చూస్తే అడవిలో ఎవరో ఇష్టపడి కట్టుకున్న ఇల్లులా ఉంది, ముందు వైపు మాత్రం లావుపాటి దుంగల స్తంభాల మీద ఓ కప్పు ముందుకి వచ్చి ఉంది. మామయ్యగారు ఆర్టీసీ డిపోలో పనిచేసి రిటైరయ్యారు, చూడగానే "ఇది బంకమ్మా, బండి కింద నిలబెట్టి ఆయిల్ కొట్టడానికే ఆ కప్పు" అన్నారు. దగ్గరికెళ్తే నిజంగానే పాతకాలం పంపులు కనిపించాయి.

నాకు అప్పటినుంచీ అదే ఆలోచన. పైనున్న పారడైజ్ ఇన్ హోటల్ గురించి నెట్లో బోలెడంత ఉంది, అందరూ దాని గురించే రాస్తారు. బంకు గురించి ఒకటి రెండు లైన్లకి మించి కనబడలేదు. ఒక పెట్రోల్ బంకుని అంత శ్రద్ధగా ఎందుకు కట్టారు? కంపెనీ రేకుల షెడ్డు వేస్తే సరిపోయేది కదా, ఎవరు అడిగారు? పనైపోయాక కూల్చకుండా ఎందుకు ఉంచారు? తెలిసినవాళ్లు వివరంగా రాయండి, మామయ్యగారికి చదివి వినిపించాలి.

పాతగోడలు:

సుధ గారూ, మీ మామయ్యగారి చూపు కరెక్టు. అది 1929లో కట్టిన లాంగ్‌మైర్ సర్వీస్ స్టేషన్. పాత కట్టడాల మరమ్మతులే నా ఉద్యోగం కాబట్టి ఇలాంటి ప్రశ్న ఎవరైనా అడిగితే నాకు చాలా సంతోషం, జవాబు పొడుగైతే ఏమనుకోవద్దు.

బంకు కంటే ముందు ఆ చోటు సంగతి. 1883లో జేమ్స్ లాంగ్‌మైర్ అని యెల్మ్ వైపు సెటిలైన ఒకాయన, రెయినియర్ శిఖరం ఎక్కి దిగే ప్రయాణంలో ఈ మైదానంలో ఖనిజాలు కలిసిన నీటి ఊటలు చూశాడు. తర్వాత అక్కడ గని హక్కు కింద 20 ఎకరాలు రాయించుకున్నాడు, స్నానాల గదులు కట్టాడు, 1890లో హోటల్ పెట్టాడు. ఒళ్లునొప్పులు తగ్గుతాయని జనం కాలిబాటన, గుర్రాల మీద వచ్చేవాళ్లు. పార్కు ఏర్పడింది 1899లో, దేశంలో అది ఐదో నేషనల్ పార్కు. అంటే పార్కు కంటే హోటలే ముందు. ఆ కుటుంబం భూమి పార్కు మధ్యలో ప్రైవేటుగానే చాలా కాలం ఉండిపోయింది, 1939లో గానీ ప్రభుత్వం కొనలేదు.

ఇక కార్లు. ఇది చాలామందికి తెలియదు, అమెరికాలో మొట్టమొదట కార్లని లోపలికి రానిచ్చిన నేషనల్ పార్కు రెయినియరే. 1907లో కార్లు రావడం మొదలైంది, 1908 నుంచి పర్మిట్ పెట్టి డబ్బు వసూలు చేశారు. యోసెమిటీ 1913 దాకా, యెల్లోస్టోన్ 1915 దాకా ఒప్పుకోలేదు. పర్మిట్‌తో వచ్చిన రూల్స్ చూస్తే ఆశ్చర్యం వేస్తుంది, మామూలుగా గంటకి 6 మైళ్ల స్పీడు మించకూడదు, ఎదురుగా గుర్రపుబండ్లు వస్తే దూరం నుంచే కనబడేంత తిన్నని రోడ్డు ఉంటే అప్పుడు 15 మైళ్ల దాకా వెళ్లొచ్చు. ఆ రోడ్డు వేయించింది యూజీన్ రిక్‌సెకర్ అనే ఇంజినీరు. తొందరగా పైకి చేర్చడం ఆయన ఉద్దేశం కాదు, ఒక్కో మలుపులో ఒక జలపాతమో, గ్లేసియరో (కొండ మీంచి మెల్లగా జారే మంచు ప్రవాహం) కనబడాలని వంపులు తిప్పించాడు. మీరు ఇప్పటికీ ఎక్కేది చాలావరకు ఆ దారే, పైన ఆయన పేరుతో రిక్‌సెకర్ పాయింట్ కూడా ఉంది.

1911 అక్టోబరులో ప్రెసిడెంట్ టాఫ్ట్ వచ్చాడు. పైన రోడ్డు ఇంకా బురద. ఆయన కారు పారడైజ్ దాకా చేరింది గానీ చివర్లో కంచరగాడిదలు కట్టి లాగాల్సి వచ్చింది. దేశాధ్యక్షుడి బండికే ఆ గతి పట్టిందంటే మామూలు జనం సంగతి ఆలోచించండి. మామూలు కార్లు పారడైజ్ దాకా రెగ్యులర్‌గా వెళ్లడం 1915 నుంచి మొదలైంది.

మరుసటి ఏడాదే, అంటే 1916లో, రెండు పనులు జరిగాయి. దేశం మొత్తానికి నేషనల్ పార్క్ సర్వీస్ పుట్టింది. టకోమా, సియాటిల్ వ్యాపారులు కలిసి రెయినియర్ నేషనల్ పార్క్ కంపెనీ పెట్టారు. 1917లో పారడైజ్ ఇన్ కట్టింది ఆ కంపెనీయే, లోపల హోటళ్లు, బస్సులు అన్నీ వాళ్ల చేతిలోనే ఉండేవి. పార్కుల్లో ఏది కట్టినా చుట్టూ ఉన్న ప్రకృతితో కలిసిపోవాలని 1918లోనే ఇంటీరియర్ శాఖ మంత్రి ఫ్రాంక్లిన్ లేన్ పేరుతో పాలసీ వచ్చింది. మీ ప్రశ్నకి అసలు జవాబు అక్కడుంది. ఆ పాలసీ హోటళ్లకి మాత్రమే అనలేదు. స్టోరు గది, టాయిలెట్, మెషిన్ షెడ్డు, బంకు, అన్నిటికీ అదే రూలు. ప్రైవేటు కంపెనీ కట్టుకునే బిల్డింగు ప్లాన్ అయినా పార్క్ సర్వీస్ వాళ్ల ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టులు ఊఁ అంటేనే ముందుకి వెళ్లేది.

ఆ విభాగానికి పెద్ద థామస్ వింట్. రెయినియర్‌లో దగ్గరుండి చూసుకున్నది ఎర్నెస్ట్ డేవిడ్సన్. వీళ్ల హయాంలో లాంగ్‌మైర్‌లో వరుసగా మూడు లేచాయి. 1927లో కమ్యూనిటీ బిల్డింగ్, 1928లో అడ్మినిస్ట్రేషన్ బిల్డింగ్, 1929లో మీరు చూసిన బంకు. అడ్మినిస్ట్రేషన్ బిల్డింగ్ గోడని ఈసారి దగ్గరగా చూడండి, కిటికీల అడుగు దాకా గ్లేసియర్ దొర్లించుకొచ్చిన గుండ్రాళ్లు, అక్కడినుంచి పైకి దుంగలు. రాయి సైజు, దుంగ లావు కావాలనే ఎక్కువ పెట్టారు. వెనకాల వంద అడుగులు దాటిన చెట్లు, ఆ పైన 14,410 అడుగుల కొండ ఉన్నప్పుడు ఊళ్లో వాడే సైజు చెక్కలతో కడితే బిల్డింగు అగ్గిపెట్టెలా వెలవెలబోతుంది, వాళ్లకి ఆ లెక్క బాగా తెలుసు. బంకు స్తంభాలకి అంతంత లావు దుంగలు అవసరమా అని మీకు అనిపించి ఉంటుంది, బరువు మోయడానికైతే అక్కర్లేదు, అడవిలో నిలబడటానికి కావాలి.

ఈ మూడిటినీ కలిపి 1987లో నేషనల్ హిస్టారిక్ ల్యాండ్‌మార్క్‌గా ప్రకటించారు. మన దేశంలో జాతీయ ప్రాముఖ్యం ఉన్న కట్టడం అంటాం కదా, ఆ స్థాయి. ఒక పెట్రోల్ బంకుకి ఆ హోదా! 1997లో పార్కులో ఆ కాలం నాటి రోడ్లు, బిల్డింగులు మొత్తాన్ని కలిపి ఇంకో పెద్ద ల్యాండ్‌మార్క్ డిస్ట్రిక్ట్ చేశారు. కారణం ఏంటంటే ముందే మాస్టర్ ప్లాన్ గీసుకుని, దాని ప్రకారం కట్టుకుంటూ వెళ్లిన మొదటి పార్కు ఇదే.

గేర్‌బాక్స్:

పాతగోడలు గారు బిల్డింగు సంగతి చెప్పేశారు, నేను పంపుల సంగతి చెప్తాను, మామయ్యగారు ఆర్టీసీ మనిషి అన్నారు కాబట్టి ఇది ఆయనకి నచ్చుతుంది.

ఆ కాలంలో బాగా వాడిన రకం పంపులకి పైన పెద్ద గాజు సిలిండర్ ఉంటుంది, దాని మీద గ్యాలన్ల గీతలు. పక్కన ఒక పొడుగాటి లివర్. బంకువాడు ఆ లివర్‌ని ముందుకీ వెనక్కీ లాగుతుంటే భూమిలో ఉన్న ట్యాంకు నుంచి పెట్రోల్ పైకెక్కి గాజులో నిండుతుంది. ఎన్ని గ్యాలన్లు కావాలో ఆ గీత దాకా నింపి, గొట్టం కారు ట్యాంకులో పెట్టి వదిలితే తనంతట తానే కిందకి దిగిపోతుంది. కరెంటుతో పనే లేదు. కొనేవాడికి తను డబ్బిచ్చింది ఎంతో, దాని రంగేంటో, అడుగున నీళ్లున్నాయో లేదో అన్నీ కళ్లముందే. ఇప్పుడు మనం మీటర్ జీరో చూసుకోవడానికి బంకు దగ్గర మెడ సాగదీస్తాం, వాళ్లకి సరుకే కనబడేది.

ఇంకో విషయం, ఫోర్డ్ మోడల్ టీ కార్లకి ఫ్యూయల్ పంప్ ఉండదు. ట్యాంకు సీటు కింద ఉంటుంది, పెట్రోల్ కేవలం వాలు మీద ఇంజనుకి పారుతుంది. ట్యాంకులో పెట్రోల్ తక్కువుండి రోడ్డు బాగా ఏటవాలుగా ఉంటే ముందున్న ఇంజను పైకి లేచి, పెట్రోల్ అందక బండి ఆగిపోతుంది. అందుకని జనం బండి తిప్పి రివర్స్‌లో ఘాట్ ఎక్కేవాళ్లు, రివర్స్ గేరుకి బలం ఎక్కువ కావడం కూడా ఒక కారణం. లాంగ్‌మైర్ ఎత్తు దాదాపు 2,700 అడుగులు, పారడైజ్ 5,400. అంటే పన్నెండు మైళ్లలోపే ఎత్తు రెట్టింపు. అలాంటి ఎక్కుడు మొదట్లో బంకు ఉండటమంటే సౌకర్యం అనుకోకండి, అది లేకపోతే సగం బండ్లు మధ్యలో ఉండిపోయేవి. ట్యాంకు నిండా కొట్టించడం, రేడియేటర్లో నీళ్లు పోయించడం, బ్రేకులు చూపించుకోవడం, ఇవన్నీ అక్కడ ముగించుకునే పైకి కదిలేవాళ్లు. దిగేటప్పుడు బ్రేకులు కాలిపోయి ఆగేవాళ్లు కూడా ఎదురయ్యేది ఆ కప్పుకే.

అడవిమనిషి:

చదవడానికి బాగుంది, కానీ ఒక మాట చెప్పాలి. ఆ బంకు ఎంత అందంగా ఉన్నా అది చేసిన పని ఏంటి? కార్లని రమ్మని పిలవడం. నిస్క్వాలీ, పుయాలప్, యాకమా, కౌలిట్జ్, మకల్‌షూట్ జనం వేల ఏళ్ల నుంచి వేసవిలో ఆ కొండవాలుల్లోకి హకల్‌బెర్రీలు కోసుకోవడానికి, వేటకి వచ్చేవాళ్లు, వాళ్లకి రోడ్డూ అక్కర్లేదు, బంకూ అక్కర్లేదు. ఇవాళ జులై శనివారం పొద్దున గేటు దగ్గర క్యూ చూడండి, పారడైజ్ పార్కింగ్‌లో చోటు కోసం తిరిగే బండ్లని చూడండి. ఆ గొడవకి విత్తనం పడింది అప్పుడే. బిల్డింగుకి దుంగలు అతికించి అడవిలో కలిపేశాం అనుకోవడం వల్ల, చేస్తున్నది నష్టం అని ఎవరికీ అనిపించలేదు. రేకుల షెడ్డు పెట్టి ఉంటే కనీసం కంట్లో నలుసులా గుచ్చుకుని ఉండేది.

పాతగోడలు:

అడవిమనిషి గారూ, మీ బాధ నాకు అర్థమవుతోంది, గేటు దగ్గర క్యూ నిజమే. కానీ రెండో వైపు కూడా చూడాలి. ఆ మాస్టర్ ప్లాన్‌లో అసలు ఐడియా ఏంటంటే, కార్లకి కావాల్సినవన్నీ కొన్ని చోట్ల కుప్పగా పెట్టేసి మిగతాది వదిలేయడం. లాంగ్‌మైర్, పారడైజ్, ఒహానపెకోష్, 1931లో తెరిచిన సన్‌రైజ్, ఇలా కొన్ని. ఒకప్పుడు కొండ చుట్టూ పూర్తిగా కారు రోడ్డు వేయాలని గట్టిగానే అనుకున్నారు, పడమటి వైపు కొంత తవ్వారు కూడా. అది పూర్తవలేదు. సియాటిల్ వాళ్ల మౌంటెనీర్స్ సంఘం పట్టుబట్టి అడిగితే 1928లో ఉత్తర భాగాన్ని రోడ్లు లేకుండా ఉంచడానికి పార్క్ సర్వీస్ ఒప్పుకుంది. 1988లో చట్టం వచ్చి పార్కులో దాదాపు 97 శాతం నేలని వైల్డర్‌నెస్ అని రాసేసింది, అక్కడ ఇక రోడ్డనేదే రాదు. బంకు ఉన్నది ఆ మిగిలిన మూడు శాతంలో. కార్లని రానిచ్చి కూడా ఒక గీత గీసి అక్కడే ఆపిన మనుషులే ఆ బంకుని కూడా కట్టించారు, ఆ రెండు పనుల వెనకా ఉన్నది ఒకే బుద్ధి అని నా నమ్మకం.

కంట్లో గుచ్చుకునే బిల్డింగు కడితే ఏమవుతుందో కూడా అదే పార్కులో చూశాం. 1966లో పారడైజ్‌లో జాక్సన్ విజిటర్ సెంటర్ కట్టారు, గుండ్రంగా, ఫ్లయింగ్ సాసర్ దిగినట్టు. పారడైజ్‌లో పడే మంచు తెలుసుగా, 1971-72 సీజన్‌లో 1,122 అంగుళాలు పడింది. ఆ కప్పు మీద మంచు జారదు. దాన్ని కరిగించడానికి చలికాలమంతా రోజూ వందల గ్యాలన్ల డీజిల్ తగలేయాల్సి వచ్చేది. చివరికి 2008లో వాలు కప్పుతో కొత్త సెంటర్ తెరిచారు, మరుసటి ఏడాది పాతదాన్ని పడగొట్టారు. 1929 నాటి చిన్న బంకు మాత్రం తన వాలు కప్పుతో అలాగే ఉంది, మంచు పడితే జారిపోతుంది, డీజిల్ ఖర్చు లేదు. పాతదని జాలిపడి ఉంచలేదు దాన్ని, ఇంకా పనికొచ్చేలా కట్టారు కాబట్టే ఉంది. సుధ గారు అడిగిన మూడో ప్రశ్నకి జవాబు కూడా ఇదే. రెయినియర్ నేషనల్ పార్క్ కంపెనీ ఆస్తులు 1950ల మొదట్లో ప్రభుత్వం చేతికి వచ్చాయి, తర్వాత ఆ బంకు లోపల పార్కులో ప్రయాణాల చరిత్ర మీద చిన్న ఎగ్జిబిట్ పెట్టారు.

అడవిమనిషి:

ఉత్తర భాగం సంగతి మంచి పాయింట్, అది ఒప్పుకుంటాను. కొండ చుట్టూ తిరిగే కాలిబాట వండర్‌లాండ్ ట్రెయిల్ మీద ఆ వైపు నడిచినవాళ్లకి తెలుస్తుంది రోడ్డు రాకపోవడం ఎంత అదృష్టమో. బంకుని కూల్చమని నేను అనడం లేదు, ఆ ఎగ్జిబిట్‌లో కార్ల గొప్పతో పాటు ఈ కథ కూడా చెప్పాలి అంటున్నాను.

సుధ_బెల్వ్యూ:

అబ్బ, ఇంత ఉందా! అందరికీ చాలా థ్యాంక్స్. రాత్రి భోజనాలయ్యాక మామయ్యగారికి మొత్తం చదివాను. పంపుల దగ్గర ఆపి మళ్లీ చదవమన్నారు, రివర్స్‌లో ఘాట్ ఎక్కడం విని ఆయనకి ఒకటే సంబరం. ఆయన ఒక డౌట్ అడిగారు. బంకు పక్కనే నది ఉంది, ఒడ్డున అన్నీ గుండ్రాళ్లే, వరద వస్తే ఇదంతా మునగదా అని. నాకూ అనిపించింది.

పాతగోడలు:

మామయ్యగారు మళ్లీ సరైన చోటే పట్టుకున్నారు. అసలు టెన్షన్ అదే. నిస్క్వాలీ నది గ్లేసియర్ నుంచి రాళ్లూ ఇసుకా మోసుకొచ్చి తన అడుగునే పోసుకుంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ నది అడుగు పైకి లేస్తోంది. ఇప్పుడు లాంగ్‌మైర్ బిల్డింగులున్న నేల కంటే నది అడుగే ఎత్తులో ఉంది, మధ్యలో కట్ట అడ్డం ఉంది కాబట్టి ఆగుతోంది. 1947 అక్టోబరులో ఆ దారిలోనే ఉన్న కౌట్జ్ వాగు బురద, రాళ్లతో విరుచుకుపడి రోడ్డుని పూడ్చేసింది. 2006 నవంబరులో 36 గంటల్లో 18 అంగుళాల వాన పడింది, గేటు దాటగానే ఉండే సన్‌షైన్ పాయింట్ క్యాంప్‌గ్రౌండ్ కొట్టుకుపోయింది, రోడ్లు తెగిపోయాయి, పార్కు ఆరు నెలలు మూసేసి 2007 మే 5న తెరిచారు. లాంగ్‌మైర్ దగ్గర కూడా నది ఒడ్డుని కోసేసింది. బంకు బతికింది. అయితే గ్లేసియర్లు కరిగే వేగం పెరిగేకొద్దీ వదులైన రాళ్లు ఎక్కువగా కిందకి వస్తాయి, కాబట్టి ఈ ముప్పు తగ్గేది కాదు. కట్టని ఇంకా పెంచుతూ పోవాలా, ముఖ్యమైన బిల్డింగులు వేరే చోటికి జరపాలా అన్నది తేలిక ప్రశ్న కాదు. జరిపితే ఆ బంకుకి అర్థం ఉండదు, ఘాట్ మొదట్లో ఉండటమే దాని ఉద్యోగం. నన్నడిగితే కట్ట మీదే డబ్బు పెట్టాలంటాను.

గేర్‌బాక్స్:

మళ్లీ వెళ్లేవాళ్లకి పనికొచ్చే ముక్కలు కొన్ని. ఆ బంకు చూసి ధైర్యంగా రిజర్వ్‌లో వెళ్లకండి, ఇప్పుడు పార్కు లోపల ఎక్కడా పెట్రోల్ దొరకదు, ఆష్‌ఫర్డ్‌లోనో అంతకుముందో కొట్టించుకోండి. నవంబరు 1 నుంచి మే 1 దాకా ప్రతి బండిలో టైరు చెయిన్లు ఉండాలి, ఫోర్ వీల్ డ్రైవ్ అయినా సరే. చలికాలంలో లాంగ్‌మైర్ పైన గేటు రాత్రిళ్లు వేసేస్తారు, వాతావరణం బాగోకపోతే పగలు కూడా తియ్యరు, కాబట్టి బయలుదేరేముందు పార్కు వెబ్‌సైట్లో రోడ్డు స్టేటస్ చూసుకోండి. ఎగ్జిబిట్ లోపలికి వెళ్లి చూడాలంటే వేసవిలో వెళ్లండి. కమ్యూనిటీ బిల్డింగ్ నదికి అవతల ఉంది, 1924 నాటి వేలాడే వంతెన దాటాలి, పెద్దవాళ్లు కూడా మెల్లగా నడవొచ్చు. వంతెన మీద నుంచి ఒకసారి నది వైపు, ఒకసారి బిల్డింగుల వైపు చూస్తే పాతగోడలు గారు చెప్పిన ఎత్తు తేడా మామయ్యగారికి మనం చెప్పక్కర్లేకుండానే తెలిసిపోతుంది.